జీతం మాట ఎత్తకు, ప్యాషన్ చూపించు

అమీర్‌పేట ఫ్లెక్సీల మీద ప్యాషన్ అన్న మాట కనపడదు. మైత్రీవనం పక్కన ఆదిత్య ఎన్‌క్లేవ్ గల్లీలో తలెత్తి చూసుకుంటూ నడవండి. కోర్సు పేరు, చెప్పే సారు పేరు, డెమో క్లాసు ఎప్పుడో, ఫోన్ నంబరు. అంతే. ఒకప్పుడు ఆ ఫ్లెక్సీల నిండా జావా ఉండేది. తర్వాత ఎస్ఏపీ వచ్చింది. ఆ తర్వాత రెండు రాష్ట్రాల కుర్రకారూ కట్టగట్టుకుని సెలీనియం టెస్టింగ్ మీద పడింది. డెవాప్స్, సేల్స్‌ఫోర్స్, స్నోఫ్లేక్ వరసగా ఊరేగాయి. ఇప్పుడు ఏ మెట్లెక్కినా జెన్ ఏఐ. అమెరికాలో క్లయింటు ఏది కొంటే ఇక్కడ అది నేర్పుతారు. ఇందులో దాపరికం లేదు. ఫీజు కట్టినవాడికీ తెలుసు, కట్టించుకున్నవాడికీ తెలుసు.

దాపరికమంతా మెట్రో ఎక్కి హైటెక్ సిటీ స్టేషన్లో దిగాక మొదలవుతుంది.

అద్దాల గది. ఎముకలు కొరికే ఏసీ. నరసరావుపేట నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన కుర్రాడు కుర్చీ అంచున కూర్చున్నాడు. ఒళ్లో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో పదో తరగతి మెమో నుంచి బీటెక్ ప్రొవిజనల్ దాకా. ఎదుట మెడలో కంపెనీ ట్యాగు వేలాడేసుకున్న ఇద్దరు. జావాలో నాలుగు ప్రశ్నలయ్యాయి. చెప్పాడు. ఇక అసలు ప్రశ్న: నీ ప్యాషన్ ఏమిటి?

"మాన్యువల్ టెస్టింగ్ సార్."

భూమ్మీద ఏ తల్లి కడుపునా మాన్యువల్ టెస్టింగ్ మీద మోజుతో పుట్టిన బిడ్డ లేడు. అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. కుర్రాడి గుండెలో నిజంగా రగులుతున్నది వేరే ఉంది. నాన్న నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టిన ఫీజు. అది రాత్రిళ్లు నిద్రపోనివ్వదు, పొద్దున్నే లేపుతుంది, పని చేయిస్తుంది. "అప్పు తీర్చాలి సార్, ఒళ్లు దాచుకోకుండా చేస్తాను" అని ఒక్క ముక్క చెబితే అంతకంటే నమ్మకమైన ఉద్యోగి ఏ కంపెనీకీ దొరకడు. కానీ ఆ మాటంటే ఉద్యోగం రాదు. అవసరం ఉన్నవాడు నీచుడు, ఆరాటం నటించేవాడు ఉత్తముడు.

అడుగుతున్న పెద్దమనిషి కథ మాత్రం ఏమంత గొప్పది? ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకును బట్టి కాలేజీ, కాలేజీని బట్టి బ్రాంచి, బ్రాంచిని బట్టి ఉద్యోగం, ఉద్యోగాన్ని బట్టి సంబంధం. మెకానికల్ చదివాడు, లేత్ మెషీన్ వాసన మరిచిపోయి 15 ఏళ్లయింది. బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌లో వడ్డీ లెక్కలు సరిచేస్తూ జుట్టు పోగొట్టుకున్నాడు. ఆయన్ని ఎవరూ ఏనాడూ ప్యాషన్ అడగలేదు. ఆయన చేరిన రోజుల్లో మనుషులు దొరకడమే గగనం. మనుషులు దండిగా దొరికే కాలం వచ్చాకే ఈ ప్రశ్న పుట్టింది.

అదే కిటుకు. బేరంలో చెయ్యి పైన ఉన్నవాడు అడిగే ప్రశ్న ఇది. ఆ అద్దాల మేడ అద్దెకిచ్చిన యజమానిని "మీకు కట్టడాల మీద ఇంత ప్రేమ ఉంది కదా, అద్దె సగానికి తగ్గించండి" అని ఏ ఫైనాన్స్ హెడ్డూ అనడు. లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చినవాణ్ని "ఈ పని మీకు అంతరంగంలోంచి వస్తోందా?" అని ఆపరు. వాళ్లకి ఇన్‌వాయిస్ ఉంది. ఇన్‌వాయిస్ ఇవ్వలేనివాడి దగ్గరే ప్యాషన్ వసూలు చేస్తారు. ఉందని ఒప్పుకున్నాడా, ఇక శనివారం పని, రాత్రి కాల్, పండగపూట సపోర్టు, అన్నీ వాడి ముచ్చట కిందికే వస్తాయి. ముచ్చటకి ఓవర్‌టైమ్ ఇస్తారా ఎవరైనా?

ఈ పురాణానికి మూలపురుషుడు స్టీవ్ జాబ్స్. 2005 జూన్ 12న స్టాన్‌ఫోర్డ్ స్నాతకోత్సవంలో పిల్లలకి మూడు కథలు చెప్పి, మీరు ప్రేమించే పని వెతుక్కోండి, దొరికేదాకా సర్దుకుపోకండి అన్నాడు. అప్పట్నుంచి ఆ ఉపన్యాసం వినిపించని ఇండక్షన్ ప్రోగ్రాము లేదు. ఆయన సొంత జాతకం చూస్తే మాత్రం ఆ సలహాకి పొంతన కుదరదు. కాలేజీలో ఒక్క టర్ముకే చదువు మానేశాడు. కాలిగ్రఫీ క్లాసులో కూర్చున్నాడు. వీడియో గేముల కంపెనీలో పనికి కుదిరాడు. 1974లో గురువుని వెతుక్కుంటూ మన దేశం వచ్చి తిరిగాడు. 1976లో స్నేహితుడు వాజ్నియాక్ తయారుచేసిన సర్క్యూట్ బోర్డుని చూసి ఓ దుకాణదారు ఒక్కోటి 500 డాలర్ల చొప్పున 50 కావాలన్నాడు. అది చూశాక జాబ్స్ పరుగులు పెట్టాడు. ప్రేమ కంటే ముందు పర్చేజ్ ఆర్డర్ వచ్చింది. ఆ ముక్క ఇండక్షన్‌లో చెప్పరు. చెబితే కుర్రాళ్లు ప్యాషన్ మానేసి పర్చేజ్ ఆర్డర్ అడుగుతారు.

జాబ్స్ పాపం ప్రేమించమని ఊరుకున్నాడు. గంటలు లెక్కకట్టలేదు. ఆ లోటు మనవాళ్లు పూడ్చారు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్‌గారి మాటలు బయటికొచ్చాయి. 90 గంటలట. ఆదివారం ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్యని చూస్తూ ఉంటారని కూడా అడిగారు. భార్యలకీ అదే అనుమానం ఉండొచ్చు, వాళ్లని మాత్రం ఎవరూ అడగలేదు. 90ని 7తో భాగిస్తే ఆదివారంతో కలిపి రోజుకి దాదాపు 13 గంటలు. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద నిలబడే సమయం ఇందులో కలపలేదు. సొంత చేలో అర్ధరాత్రి దాకా నీళ్లు పెట్టుకునే ఆసామి, సాయంత్రం ఆరింటికి ఇంటికెళ్లే కూలీని చూసి వీడికి నేలతల్లి మీద ప్రేమ లేదన్నట్టుంది. నిజమే, ఉండదు. పట్టా ఎవరి పేరున ఉందో ప్రేమ కూడా వాళ్ల పేరునే ఉంటుంది.

సరే, కుర్రాడు చేరాడు. ఇంక్రిమెంట్లు వచ్చే నెల వచ్చింది. ఈ ఏడాది మార్కెట్ బాగాలేదట. పోయినేడాదీ బాగాలేదు. బెల్ కర్వ్‌లో ఎవరో ఒకరు కిందుండక తప్పదు కాబట్టి ఈసారి నువ్వు ఉన్నావు, వచ్చేసారి చూద్దాం. జీతం పెంచలేని యాజమాన్యం మనిషిని పెంచడం మొదలుపెడుతుంది: నువ్వింక లీడ్‌వి.

తెల్లదొరలు చాలా తెలివైనవాళ్లు. జమీందారుకీ ప్లీడరుకీ రావు బహదూర్, దివాన్ బహదూర్ అని బిరుదులిచ్చేవారు. ఖజానాలోంచి కానీ ఖర్చు లేదు. పుచ్చుకున్నవాడు పెళ్లి శుభలేఖ మీద అచ్చేయించుకుని మురిసిపోయేవాడు. మన ఐటీ కంపెనీలు ఆ విద్యకి మెరుగుపెట్టాయి. టీమ్ లీడ్, టెక్నికల్ లీడ్, మాడ్యూల్ లీడ్, ట్రాక్ లీడ్. ఒక ప్రాజెక్టులో 11 మంది ఉంటే అందులో నలుగురు లీడ్‌లు, ఇద్దరు మేనేజర్లు, ఒక డెలివరీ హెడ్డు. మిగిలిన నలుగురు కోడ్ రాస్తారు, ఏడుగురు అది ఎంతదాకా వచ్చిందని అడుగుతారు. లీడ్ అయినవాడికి సెలవు మంజూరు చేసే అధికారం లేదు, మనిషిని ఎంచుకునే అధికారం లేదు, తేదీ మార్చే అధికారం అసలే లేదు. తిట్లు తినే అధికారం ఒక్కటే బదిలీ చేస్తారు. పూర్తిగా, షరతుల్లేకుండా.

వీళ్లందరికీ ఏడాదికోసారి ఊరిబయట రిసార్టులో లీడర్‌షిప్ శిబిరం. మొయినాబాద్ వైపో శామీర్‌పేట వైపో. పొద్దున తాడు లాగుడు, మధ్యాహ్నం బిర్యానీ, ఆ నిద్రమత్తులో స్లైడ్లు. వాటిలో కలాంగారి ఫొటో తప్పనిసరి. ఆ కథ మీరూ విన్నారు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్ఎల్వీ-3 బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ కలాం. పత్రికల ముందుకి మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ వచ్చి కూర్చున్నాడు, వైఫల్యం బరువు తన మీద వేసుకున్నాడు. 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు పత్రికల ముందుకి కలాంని పంపించాడు. శిక్షకుడు గొంతు వణికిస్తూ ఈ కథ చెబుతాడు, హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు కొట్టిన ప్రతి మేనేజరూ ఆ కథలో తనని తాను కలాం అనుకుంటాడు. తన పైవాడు ధావన్‌లా ఉంటే ఎంత బాగుండునో అనుకుంటాడు. తన కిందవాళ్లకి ధావన్ తనే కావాలన్న సంగతి బిర్యానీతోపాటే అరిగిపోతుంది.

ఆ శిబిరం అయిన పది రోజులకి శుక్రవారం రాత్రి రిలీజు. రెండింటికి సర్వర్ పడిపోయింది. బ్రిడ్జ్ కాల్‌లో 30 మంది. మొదట వచ్చే ప్రశ్న ఎలా లేపుదాం అని కాదు. "హూ డిప్లాయిడ్ ఇట్?" ఇరవై తొమ్మిది మైకులు ఒక్కసారిగా మ్యూట్. సోమవారానికి ఒక నివేదిక తయారు. పైన పెద్ద అక్షరాల్లో ఇందులో ఎవరినీ నిందించడం లేదని ఉంటుంది. కింద మూడో గడిలో కుర్రాడి పేరు, ఉద్యోగి నంబరుతో సహా.

ఈ రకం నాయకుణ్ని మన వాళ్లెవరూ కొత్తగా కనిపెట్టలేదు. కన్యాశుల్కంలో గురజాడ ఎప్పుడో చూపించాడు. గిరీశానికి చేసే పనేమిటో ఎవరికీ తెలీదు, చెప్పే మాటలు మాత్రం కోటలు దాటతాయి. శిష్యుడు వెంకటేశానికి తన సావాసమే చదువని నమ్మించాడు. చదువు సంగతి ఎలా ఉన్నా చుట్టలు మాత్రం తెప్పించుకున్నాడు. పూటకూళ్లమ్మ తనని వెతుక్కుంటూ చీపురుకట్ట పట్టుకుని వచ్చినప్పుడు మంచం కింద దూరాడు. దెబ్బ తగిలింది ఎవరికి? అప్పటికే ఆ మంచం కింద ఉన్న రామప్పంతులుకి. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే గిరీశంది లీడర్‌షిప్పు, రామప్పంతులుది ఓనర్‌షిప్పు.

ప్యాషన్, లీడర్‌షిప్పు అయ్యాయి. మూడోది కమ్యూనికేషన్. ఈ మూడింటిలో నాకు ఒళ్లు మండించేది ఇదే.

చిన్న ఊరి నుంచి వచ్చిన ప్రతి తెలుగు కుర్రాడికీ అప్రైజల్ ఫారంలో ఒక వాక్యం ముందే అచ్చేసి ఉంటుంది: టెక్నికల్‌గా బాగున్నాడు, కమ్యూనికేషన్ మెరుగుపడాలి. దానికో శిక్షణ. రెండు రోజులు. నిలబడే తీరు, చేతులు ఊపే తీరు, కళ్లల్లోకి చూసే తీరు. "యాక్చువల్లీ", "బేసికల్లీ" తగ్గించమంటాడు శిక్షకుడు. బేసికల్లీ ఆ రెండు మాటలు తీసేస్తే ఆయన దగ్గర మిగిలేదేమీ ఉండదు. యాస మార్చుకోమంటాడు. మర్నాడు కుర్రాడు డెస్క్ దగ్గరికి వెళ్లి తన లీడ్‌తో నిటారుగా నిలబడి, కళ్లల్లోకి చూస్తూ అంటాడు:

"అన్నా, ఇది శుక్రవారానికి అవ్వదు. ఇంకో మూడు వారాలు పడుతుంది."

ఇంత మంచి కమ్యూనికేషన్ ఏ పుస్తకంలో ఉంది? విషయం ఉంది, తేదీ ఉంది, అరక్షణంలో అర్థమైంది. లీడ్ మొహం మాడిపోయింది.

"అవ్వదు అనకు తమ్ముడూ. ఛాలెంజింగ్‌గా ఉంది అను."

ఆ ఛాలెంజింగ్‌ని లీడ్ రిపోర్టులో పసుపు రంగుతో పైకి పంపాడు. మేనేజర్ దాన్ని చూసి, పసుపు చూస్తే పైవాళ్లు ఫోన్ చేస్తారని, లేత పచ్చ చేశాడు. చిన్న డిపెండెన్సీ ఉంది, టీమ్ చూసుకుంటోంది అని పక్కన రాశాడు. డెలివరీ హెడ్డు దగ్గరికి వెళ్లేసరికి ముదురు పచ్చ. క్లయింటుకి చేరేటప్పటికి అంతా అనుకున్న ప్రకారమే. శుక్రవారం సాయంత్రం ఎవరికీ ఏమీ అర్థంకాక, అందరూ కలిసి కుర్రాణ్ని అడిగారు: "ముందే చెప్పొచ్చు కదా?" ఆ ఏడాది అతని ఫారంలో మళ్లీ అదే వాక్యం. కమ్యూనికేషన్ మెరుగుపడాలి.

చెప్పేవాడి నోటికే ఈ శిక్షణంతా. వినేవాడి చెవికి శిక్షణ ఇచ్చే సంస్థ హైదరాబాదులో ఒక్కటి కూడా నాకు కనపడలేదు. గిరాకీ ఉండదు కాబోలు.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఇవాళ ఇక్కడ ఉద్యోగం చేస్తుంటే అప్రైజల్ ఎలా జరిగేదా అని ఊహించుకుంటూ ఉంటాను. 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికా వెళ్లి, ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడిగా చేస్తూ హార్వర్డ్‌లో కాలం నెట్టుకొచ్చారు. ఒంట్లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి కనిపెట్టారు. కండరాలకి శక్తినిచ్చే ఏటీపీ మీద పనిచేశారు. హార్వర్డ్‌లో స్థిరమైన కొలువు దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్‌కి మెథోట్రెక్సేట్, బోదకాలుకి హెట్రజాన్ ఆయన బృందం పనే. ఆరియోమైసిన్ బయటపడింది కూడా ఆయన నడిపిన పరిశోధన విభాగంలోనే. 1948లో 53 ఏళ్లకే పోయారు. ప్రచారం అంటే గిట్టని మనిషి.

ఫారం ఇలా ఉండేది. విజిబిలిటీ: చాలా తక్కువ. సెల్ఫ్ బ్రాండింగ్: లేదు. స్టేక్‌హోల్డర్ల మేనేజ్‌మెంట్: హార్వర్డ్ అనుభవం దృష్ట్యా బలహీనం. టౌన్‌హాల్‌లో ప్రశ్నలు అడిగారా: లేదు, ల్యాబ్‌లో ఉన్నారు. మేనేజర్ వ్యాఖ్య: సుబ్బారావు మంచి ఇండివిడ్యువల్ కంట్రిబ్యూటర్, పబ్లిక్ స్పీకింగ్ మీద దృష్టి పెడితే వచ్చే ఏడాది లీడ్ పోస్టుకి పరిశీలించవచ్చు. రేటింగు 3. ఆ పక్క క్యూబికల్‌లో ఉన్నవాడికి 5 వచ్చేది. వాడు లింక్డిన్‌లో "మా అమ్మ దోసె తిరగేస్తుంటే నేను నేర్చుకున్న 5 మేనేజ్‌మెంట్ పాఠాలు" రాస్తాడు. కోస్తా ఊళ్లల్లో ఇప్పటికీ బోదకాలు మాత్రలు ఇంటింటికీ తెచ్చి ఎదురుగా మింగిస్తారు. ఇచ్చేవాళ్లకీ మింగేవాళ్లకీ అది భీమవరం మనిషి చేతి చలవ అని తెలియకపోవచ్చు. బ్రాండింగ్ చేసుకోలేదు మరి.

ఇదంతా ఆఫీసు వేళాకోళమే అయితే నవ్వి ఊరుకునేవాణ్ని. 2003లో ఒక స్లైడ్ విషయంలో జరిగింది నవ్వే విషయం కాదు. జనవరి 16న కొలంబియా షటిల్ పైకి లేచింది. దాదాపు 82 సెకన్లకి ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకి తగిలింది. ఏమైందో తేల్చడానికి బోయింగ్ ఇంజనీర్లు స్లైడ్లు చేసి నాసాకి చూపించారు. అందులో ఒకదాని శీర్షిక చదివితే పరవాలేదు, పరీక్షల ప్రకారం అదనపు భద్రత ఉందనే అర్థమవుతుంది. కింద బుల్లెట్ పాయింట్ కింద బుల్లెట్ పాయింట్, అక్షరాలు చిన్నవవుతూ పోతే, అట్టడుగున అసలు సంగతి ఉంది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, తగిలింది 1920. అంటే 640 రెట్లు. ఆ పరీక్షలు దీనికి పనికిరావని చెప్పాల్సిన వాక్యం అది. చెప్పింది. గుసగుసగా, చివరి వరసలో నిలబడి, పెద్దల దృష్టిలో పడకుండా. ఒక్క స్లైడ్‌లో ఇంత బాగా ప్రాణాపాయాన్ని దాచొచ్చని ఆ తర్వాత వచ్చిన దర్యాప్తు నివేదికే ఎత్తిచూపింది.

అప్పుడు నాసాలో రాడ్నీ రోచా అనే ఇంజనీర్ ఉన్నాడు. రెక్కని ఫొటోలు తీయించి చూద్దామని మొత్తుకున్నవాళ్లలో ఒకడు. కుదరదన్నారు. ఆయన కూర్చుని ఒక ఈమెయిల్ రాశాడు. ఇది తప్పు నిర్ణయం అని తిన్నగా రాశాడు. భద్రత లేదనిపిస్తే నోరు విప్పి చెప్పండంటూ మన గోడల నిండా పోస్టర్లు అంటించుకున్నాం కదా, ఇది అంత తీవ్రమైన విషయమే అని గుర్తుచేశాడు. ఆ ఈమెయిల్ పైవాళ్లకి పంపలేదు. తన మెట్టు దాటి పైకి రాయడం అక్కడ మర్యాద కాదు. అచ్చు తీసి పక్కవాడికి చూపించాడు. ఫిబ్రవరి 1న కొలంబియా టెక్సస్ ఆకాశంలో ముక్కలైంది. ఏడుగురు. వాళ్లలో మన కర్నాల్ అమ్మాయి కల్పనా చావ్లా.

ఆ మనిషికి కమ్యూనికేషన్ రాదంటారా? నేను చదివిన ఆఫీసు ఉత్తరాల్లో అంత స్పష్టమైనవి తక్కువ. ఆయనకి లేనిది భాష కాదు, విన్నాక తన మీద పడి కరవని పైవాడు. మా కాలపు ఆఫీసుల్లోనూ పోస్టర్లకి లోటేమీ లేదు. మా తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయని ఒక పోస్టర్, అంటించింది మూసిన తలుపు మీద.

అమెజాన్ స్థాపకుడు బెజోస్ 2004లో ఈ స్లైడ్ల రోగం కనిపెట్టి, పెద్దల సమావేశాల్లో పవర్‌పాయింట్ వద్దన్నాడు. చెప్పదలుచుకున్నది పూర్తి వాక్యాల్లో నోటుగా రాసుకు రమ్మన్నాడు. మీటింగ్ మొదట్లో అందరూ నోరు మూసుకుని అది చదవాలి. వాక్యం రాయాలంటే ఆలోచించాలి, అందుకని. ఈ సంగతి మన దగ్గరికీ వచ్చింది. నాకు తెలిసిన ఒక ఆఫీసులో పెద్దాయన తెగ ముచ్చటపడి ఆరు పేజీల నోటు రాయించాడు. ఆ తర్వాత, చదివే టైము లేదు, దీన్ని పది స్లైడ్లు చేసి పట్రండి అన్నాడు.

హైటెక్ సిటీ పుట్టి పాతికేళ్లు దాటింది. సైబర్ టవర్స్‌ని 1998 నవంబరులో వాజ్‌పేయిగారు ప్రారంభించారు. ఇన్నేళ్లలో ఈ నగరపు కార్పొరేట్ నాయకులు రాసిన ఉత్తరాల్లో అత్యంత స్పష్టమైనది ఏదని నన్నడిగితే తడుముకోకుండా చెబుతాను. 2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు తన బోర్డుకి రాసింది. ఎక్కడా సినర్జీ లేదు, విజన్ లేదు, ఛాలెంజింగ్ లేదు. మొదట్లోనే అంకెలు. చేతిలో ఉందని చూపించిన నగదులో 5,040 కోట్లు లేవు. సెప్టెంబరు త్రైమాసికంలో నిర్వహణ లాభం 649 కోట్లని చెప్పాం, అసలు 61 కోట్లు. పులి మీద ఎక్కాను, దిగితే తినేస్తుందని దిగలేకపోయాను అన్న భావం ఒక వాక్యంలో చెప్పాడు. బుల్లెట్ పాయింట్ల అడుగున దాచలేదు. ఏ శిక్షకుడూ ఇంత పొదుపుగా రాయడం నేర్పలేడు. దానికి కొన్ని నెలల ముందే కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. ఆ అవార్డు దరఖాస్తు ఎవరు రాశారో గానీ కమ్యూనికేషన్ అదరగొట్టి ఉంటారు.

అయితే ఆ ఉత్తరం ఏ సందర్భంలో రాసిందో గమనించండి. రాజీనామా అందులోనే ఉంది. కుర్చీలో ఉన్నంతకాలం పచ్చరంగు, లేచిపోయేటప్పుడు ఎరుపు. అది పైవాళ్ల అలవాటే అనుకునేరు. కింద కూడా అంతే. నిజం చెప్పమని కుర్రాణ్ని కంపెనీ బతిమాలేది కూడా వాడు పోతున్నప్పుడే. 90 రోజుల నోటీసులో చివరి వారం, హెచ్ఆర్ అమ్మాయి తియ్యగా పిలుస్తుంది. "ఓపెన్‌గా చెప్పండి, ఇది మన మధ్యే ఉంటుంది." ముందు ఒక ఫారం. ఎందుకు వెళ్తున్నారు? మెరుగైన అవకాశం, ఉన్నత చదువు, కుటుంబ కారణాలు, ఇతరం. నాలుగే గడులు. ఇతరం నొక్కితే రాసుకోవడానికి కాస్త చోటు.

కుర్రాడు ఇతరం నొక్కాడు. శుక్రవారాల గురించి మొదలుపెట్టాడు, బ్రిడ్జ్ కాల్‌లో తన పేరు గురించి రాశాడు, మూడో గడి గురించి రాశాడు. మూడేళ్లలో మొదటిసారి చెయ్యి ఆగకుండా రాస్తోంది. ఇంతలో రిలీవింగ్ లెటర్ ఇంకా చేతికి రాలేదని గుర్తొచ్చింది. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కూడా రావాలి. మొత్తం చెరిపేసి మెరుగైన అవకాశం నొక్కాడు.

ఆ త్రైమాసికంలో హెచ్ఆర్ విభాగం స్లైడ్ తయారైంది. జనం వెళ్లిపోవడానికి ముఖ్య కారణం: బయట మెరుగైన అవకాశాలు. రంగు పచ్చ. చేపట్టే చర్య: ఉన్నవాళ్లలో ప్యాషన్ పెంచడానికి రోజంతా వర్క్‌షాపు. శనివారం. హాజరు తప్పనిసరి.